గిటారు ఎంపికలో చేతి తీర్పు

వాద్యం కొనేటప్పుడు మనమందరం చెవినే న్యాయాధిపతిగా కూర్చుండబెడతాము. తంబురా గాని, వీణ గాని, హార్మోనియం గాని, ముందు దాని నాదం వింటాము. నాదం ఇంపుగా ఉంటే వాద్యం మంచిదని నిశ్చయించుకొంటాము. చాలా వాద్యాల విషయంలో ఈ పద్ధతి సమంజసమైనదే. ఎలక్ట్రిక్ గిటారు దగ్గరకు వచ్చేసరికి మాత్రం చెవి ఒక్కటే చాలదు. ఆ వాద్యాన్ని గంటల తరబడి పట్టుకొనవలసిన చేతిని కూడ సాక్ష్యం అడగవలసి ఉన్నది. అందునా క్రొత్తగా నేర్చుకొనేవారి విషయంలో చేతి మాటనే ముందు వినవలెనని మా అభిప్రాయం. అందుకు కారణాలేమిటో, చెయ్యి చెప్పే మాటను ఎట్లా అర్థం చేసుకోవలెనో ఈ వ్యాసంలో వివరించదలచాము.

గిటారు నేడు మహానగరాలకే పరిమితమైన వాద్యం కాదు. ఆర్మూరుకు దాపుననున్న వేల్పూరులో కూర్చుండి సెల్‌ఫోనులో పాఠం చూచి నేర్చుకోవచ్చు. ఆ ఫోనులోనే డబ్బు కట్టి గిటారును ఇంటికి తెప్పించుకోవచ్చు. గల్ఫు దేశంలో పనిచేస్తున్న అన్నయో, మేనమామయో సెలవుకు వస్తూ ఒక గిటారు తెచ్చి ఇవ్వవచ్చు. ఈ మార్గాలన్నీ మంచివే. కాని వీటన్నిటిలోను ఒక లోపం ఉమ్మడిగా ఉన్నది. వాయించబోయే చెయ్యి ఆ గిటారును ముందుగా తాకదు. రంగు చూస్తాము, ధర చూస్తాము, ఎవరో వాయించి చూపిన ధ్వనిని వింటాము. అంతటితో కొనుగోలు ముగుస్తుంది.

తరువాత కొన్ని ఇళ్లలో జరిగేది పాఠకులకు తెలియనిది కాదు. నెల తిరగకముందే పిల్లవాడు బొటనవ్రేలి మొదట పోటు పెడుతున్నదంటాడు. నాలుగు వ్రేళ్లూ నొక్కినా స్వరం పలకదు. "మనవానికి సంగీతం అబ్బలేదు" అని పెద్దలు నిట్టూరుస్తారు. గిటారు బీరువా మీదికి ఎక్కుతుంది. పసుపు అమ్మిన సొమ్ములో నుంచి తీసి ఇచ్చిన డబ్బు పోవడం ఒక నష్టం. తనకు లేని లోపాన్ని పిల్లవాడు తనకు అంటగట్టుకొనడం అంతకంటె పెద్ద నష్టం. ఇట్టి సందర్భాలలో లోపం పిల్లవానిలో గాక, అతని చేతికి కుదరని గిటారు మెడలో ఉండే అవకాశం ఎంతైనా ఉన్నది.

గిటారు మెడ అంటే ఏమిటో ముందుగా చూద్దాము. గిటారుకు ఒక శరీరం, దాని నుండి ముందుకు సాగిన పొడవైన కర్ర, ఆ కర్ర చివర తీగలను బిగించే మరలు గల తల ఉంటాయి. ఆ పొడవైన కర్రనే మెడ అంటాము. వాద్యకారులు నెక్ అంటారు. వీణలో దండికి ఉన్న స్థానమే గిటారులో దీనిది. మెడకు ముందు ప్రక్కన ఒక పలక, ఆ పలక మీద అడ్డంగా లోహపు మెట్లు ఉంటాయి. మెట్లు అనే మాట మనకు క్రొత్తది కాదు. వీణకు 24 మెట్లు ఉంటాయి. మన తెలంగాణలో పన్నెండు మెట్ల కిన్నెర ఉన్నది. ఆ వాద్యాన్ని వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. కనుక ఫ్రెట్లు అనే ఇంగ్లీషు మాటకు బదులు ఈ వ్యాసంలో మెట్లు అనియే వాడుతాము. వీణ మెట్లను మైనంలో కూర్చుతారు. గిటారు మెట్లను పలకలో కోసిన సన్నని గాడులలోనికి దిగగొడతారు.

ఇక అసలు విషయం. మామూలు గిటారులో బోలుగా ఉన్న పెట్టె నాదాన్ని పెంచుతుంది. పెట్టె బాగుండకపోతే నాదం బాగుండదు. దాన్ని తరువాత దిద్దుకొనే మార్గమూ తక్కువే. ఎలక్ట్రిక్ గిటారు పని తీరు వేరు. అందులో తీగల క్రింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగితీగ చుట్టలు ఉంటాయి. వీటిని పికప్పులు అంటారు. ఉక్కు తీగ కదలగానే ఆ చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తును యాంప్లిఫయర్ పెంచి స్పీకరుకు అందిస్తుంది. రేడియో ఉన్న ప్రతి ఇంటిలోను ఈ కడపటి రెండు పనులు నిత్యం జరుగుతూనే ఉన్నవి.

రేడియోకు, ఎలక్ట్రిక్ గిటారుకు ఉన్న చుట్టరికం ఇంతటితో ఆగదు. అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన 1938లో కాలిఫోర్నియా రాష్ట్రపు ఫుల్లర్టన్ పట్టణంలో రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టాడు. ఆ మరమ్మతుల అనుభవంతోనే యాంప్లిఫయర్లు, తరువాత గిటార్లు తయారుచేశాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. 1951 నుండి టెలికాస్టర్ అనే పేరుతో ప్రసిద్ధి పొందిన ఆయన గిటారుకు బోలు పెట్టె లేదు. గట్టి చెక్కపలకే శరీరం. దానికి మెడను నాలుగు మరమేకులతో బిగించాడు. చెడిపోయిన రేడియోలో భాగాన్ని విప్పి మార్చినట్లు గిటారులో కూడ భాగాలు మార్చగలగవలెనన్న పద్ధతి అది. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌దీ అదే పద్ధతి.

ఈ నిర్మాణం వలన కొనుగోలుదారుకు ఒక సౌకర్యం కలిగింది. ధ్వని నచ్చకపోతే పికప్పులు మార్చవచ్చు, యాంప్లిఫయర్ మార్చవచ్చు, తీగలు మార్చవచ్చు, యాంప్లిఫయర్ మీది మరలు త్రిప్పినా చాలా తేడా వస్తుంది. అనగా చెవి చేసే ఫిర్యాదుకు పరిష్కారాలు అనేకం ఉన్నవి. చెయ్యి చేసే ఫిర్యాదుకు అన్ని లేవు. మెడ లావు, వెడల్పు, పొడవు, వెనుక వంపు ఒకసారి చెక్కిన తరువాత స్థిరపడినవే. మరమేకుల మెడనైతే విప్పి వేరొకటి బిగించవచ్చు గాని, క్రొత్తగా నేర్చుకొనేవారికి ఆ ఖర్చు గిటటదు. జిగురుతో అతికించిన మెడ విషయంలో ఆ మాటే లేదు. కనుకనే చేతిని ముందు అడగవలెనని అంటున్నాము.

మన రైతుకు ఈ సూత్రం తెలియనిది కాదు. గొడ్డలి కామ లావైతే పిడికిలి మూయదు. మరీ సన్నమైతే జారిపోకుండ గట్టిగా బిగించి పట్టవలసి వచ్చి ముంజేయి త్వరగా అలసిపోతుంది. చెరకు కొట్టే కత్తి పిడి తన చేతికి తగినట్లు లేకపోతే, ఇనుము ఎంత మేలైనదైనా కూలివాడు ఆ కత్తిని ప్రక్కన పెడతాడు. గిటారు మెడ కూడ చేతితో పట్టే పనిముట్టే. దానిలో నాలుగు విషయాలు పరిశీలించదగినవి.

మొదటిది వెనుక వంపు, లావు. మెడను అడ్డంగా కోసి చూచినట్లు ఊహించండి. ముందు ప్రక్క ఇంచుమించు చదునుగా ఉంటుంది. వెనుక ప్రక్క గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రదనంలోని తేడాలను బట్టి వీటికి ఇంగ్లీషు అక్షరాల పేర్లు పెట్టారు. నిలువుగా చీల్చిన వెదురుబొంగు వలె సమంగా వంపు తిరిగినది 'సి' ఆకారం. వీపు కొంచెం చదునై, భుజాలు నిండుగా ఉన్నది 'డి' ఆకారం. లోతుగా, నిండుగా, అరచేతిని నింపేది 'యు' ఆకారం. ఇంటి కప్పుకు ఉండే నడికొప్పు వలె మధ్యలో గీటు తేలినది 'వి' ఆకారం. 1950ల నాటి గిబ్సన్ గిటార్ల ధోరణిలో చేసిన లావు మెడలు మొదటి మెట్టు దగ్గర సుమారు 22, 23 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. వేగంగా వాయించేవారి కోసం జపాను సంస్థ ఐబనెజ్ చేసిన విజార్డ్ అనే పలుచని మెడ అదే చోట సుమారు 17 మిల్లీమీటర్లే. తేడా ఒక బియ్యపుగింజ పొడవంత. ఆ కొంచెపు తేడా కంటికి ఆనదు గాని, చేతికి మాత్రం మొదటి క్షణంలోనే తెలుస్తుంది.

ఈ తేడా బొటనవ్రేలి వలన వస్తుంది. గిటారు వాయించేవారు మెడను రెండు విధాలుగా పట్టుకొంటారు. బొటనవ్రేలిని మెడ వీపున నడిమధ్య ఆనించి, మిగిలిన నాలుగు వ్రేళ్లను తీగలపై విల్లు వలె నిలపడం ఒక విధం. బొటనవ్రేలిని మెడ పై అంచు మీదుగా ముందుకు రానిచ్చి, మెడను అరచేతిలో ఇముడ్చుకొనడం రెండవ విధం. మొదటి విధానికి చదునైన 'డి' వీపు, పలుచని మెడ అనుకూలిస్తాయి. తీగను ప్రక్కకు లాగి స్వరాన్ని పైకి తీసుకొనిపోయే రెండవ విధానికి 'సి', 'వి' ఆకారాలు మంచి ఆనుగా ఉంటాయి. ఏ ఆకారం శ్రేష్ఠమని అడగడం కంటె, మన బొటనవ్రేలు ఎక్కడ ఉంటుందని అడగడం ఉచితం.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. చిన్న చేతికి పలుచని మెడే తగినదని చాలామంది అనుకొంటారు; దుకాణదారులు కూడ పిల్లలకు అట్లే చెబుతుంటారు. కొందరి విషయంలో అది నిజమే. కాని మరీ పలుచని మెడలో బొటనవ్రేలికి, మిగిలిన వ్రేళ్లకు మధ్య ఎడం చాలనందువలన, చిటికెడు ఉప్పును పట్టినట్లు బిగించి పట్టవలసి వస్తుంది. కొంత సేపటికి బొటనవ్రేలి మొదట కండ బిగుసుకొంటుంది. అదే చెయ్యి కొంచెం నిండైన మెడ మీద సుఖంగా ఉండడం కద్దు. చెయ్యి పొడవును బట్టి ముందుగా నిర్ణయం చేసికొనక, పట్టి చూచి నిర్ణయించుకొనడమే సరియైన మార్గం.

రెండవది మెడ వెడల్పు. తల దగ్గర తీగలు దాటి వచ్చే చిన్న కట్టను నట్ అంటారు. అక్కడ ఎలక్ట్రిక్ గిటారు వెడల్పు సాధారణంగా 42, 43 మిల్లీమీటర్లు ఉంటుంది. నైలాను తీగలు గల శాస్త్రీయ గిటారుకు 52 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వెడల్పు ఎక్కువైతే తీగల మధ్య ఎడం ఎక్కువ; లావు వ్రేళ్లు ప్రక్క తీగకు తగలకుండ నిలుస్తాయి. తక్కువైతే ఆరు తీగలను అడ్డంగా ఒకే వ్రేలితో నొక్కడం తేలిక. కాయకష్టం చేసి వ్రేళ్లు మొద్దుబారిన యువకునికి ఇరుకు మెడ చికాకు కలిగిస్తుంది. పదేళ్ల పిల్లకు వెడల్పు మెడ అలసట తెస్తుంది.

మూడవది తీగ పలికే పొడవు, అంటే నట్ నుండి శరీరం మీది బ్రిడ్జి వరకు ఉండే దూరం. ఫెండర్ గిటార్లలో ఇది 648 మిల్లీమీటర్లు. గిబ్సన్ గిటార్లలో సుమారు 628. ఫెండర్ వారే 1964లో తెచ్చిన మస్టాంగ్ వంటి పొట్టి గిటార్లలో సుమారు 610. మెట్ల మధ్య దూరాన్ని ఈ పొడవే నిర్ణయిస్తుంది. పన్నెండు మెట్లు ఎక్కేసరికి స్వరం స్థాయి రెట్టింపు కావలెను గనుక, ఒక్కొక్క మెట్టుకు తీగ పొడవు ఒకే నిష్పత్తిలో తగ్గుతూ పోతుంది. ఆ లెక్క ప్రకారం మొదటి మెట్టు నుండి నాల్గవ మెట్టుకు దూరం పొడవు గిటారులో సుమారు 97 మిల్లీమీటర్లు, రెండవదానిలో 94, పొట్టిదానిలో 92. చూపుడు వ్రేలికి, చిటికెన వ్రేలికి మధ్య చెయ్యి చాచవలసిన దూరం అదే. దీనికి తోడు, ఒకే తీగను ఒకే శ్రుతికి బిగించినప్పుడు పొట్టి గిటారులో బిగువు తక్కువ. 628 మిల్లీమీటర్ల గిటారులో ఇంచుమించు 6 శాతం, 610 మిల్లీమీటర్ల దానిలో 11 శాతం తగ్గుతుంది. లేత వ్రేళ్లకు ఈ తగ్గుదల గొప్ప ఉపశమనం.

నాల్గవది మెట్ల పలక మీది వంపు. పలక పూర్తిగా చదునుగా ఉండదు. పెద్ద వృత్తంలో ఒక ముక్క వలె కొంచెం కుంభాకారంగా ఉంటుంది. పాత ఫెండర్ గిటార్లలో ఆ వృత్తపు వ్యాసార్ధం 184 మిల్లీమీటర్లు, నేటి ఫెండర్లలో ఎక్కువగా 241, గిబ్సన్‌లో 305, పలుచని మెడల గిటార్లలో 400 దాటుతుంది. వ్యాసార్ధం చిన్నదైతే వంపు ఎక్కువ. అట్టి పలక మీద తీగలన్నిటినీ కలిపి నొక్కి పాటకు తోడుగా వాయించడం వ్రేళ్లకు సహజంగా ఉంటుంది. కాని పై మెట్ల మీద తీగను ప్రక్కకు బాగా లాగితే, అది వంపు నడి మిట్టకు తగిలి స్వరం ఆగిపోతుంది. చదునైన పలకలో ఆ ఇబ్బంది తక్కువ.

ఈ చివరి సంగతి మన సంగీతం వాయించదలచినవారికి ముఖ్యమైనది. మన స్వరం నిలకడగా నిలబడేది కాదు. గమకంతో ఊగుతుంది, జారుతుంది. వీణ మీద ఈ గమకాన్ని మెట్టు మీద తీగను ప్రక్కకు లాగి పలికిస్తారు. వీణ మెట్లు ఎత్తుగా ఉంటాయి. నొక్కిన తీగ క్రింది కర్రను తాకదు. ఆ కారణంగా వ్రేలికి కర్ర రాపిడి లేదు. గిటారు పలక మీద వ్రేలి కొన కర్రకు తగిలి ఒరుసుకొంటుంది. ఇంగ్లండులో పుట్టిన జాన్ మెక్‌లాఫ్లిన్ అనే గిటారు విద్వాంసుడు 1970లలో డాక్టర్ ఎస్. రామనాథన్ వద్ద వీణ నేర్చుకొన్నాడు. తరువాత శక్తి అనే బృందంలో తాను వాయించిన గిటారుకు మెట్ల మధ్యనున్న కర్రను దోనె వలె గుల్లగా చెక్కించుకొన్నాడు. తీగ క్రింద వీణకు ఉన్న ఖాళీని గిటారు మెడకు తెచ్చుకొన్నాడన్నమాట.

ఆంధ్రదేశంలో పుట్టినవాడే మరొకరు ఇటువంటి మార్పునే ఇంకొక విధంగా సాధించారు. పాలకొల్లులో 1969లో జన్మించిన మాండలిన్ యు. శ్రీనివాస్ చేతికి చిక్కిన మాండలిన్ పాశ్చాత్య వాద్యం. దానికి ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా ఉంటాయి. తీగ పొడవు గిటారులో సగానికి కొంచెం ఎక్కువ. జంట తీగలను ఒకే వ్రేలితో సమంగా లాగి గమకం పలికించడం దుస్సాధ్యం. ఆయన జంటలను విడనాడి, ఐదు ఒంటి తీగలు గల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను స్వీకరించారు. తీగ ఒంటిదైనందున వ్రేలికి లొంగింది. విద్యుత్తు తోడైనందున నాదం నిలిచింది. ఆ వాద్యం మీదనే కర్ణాటక సంగీతాన్ని లోకమంతటా వినిపించి, 1998లో పద్మశ్రీ పొంది, 2014లో దివంగతులయ్యారు. రిమెంబర్ శక్తి బృందంలో ఆయనా, మెక్‌లాఫ్లిన్‌ ఒకే వేదిక మీద వాయించారు. ఇద్దరి వాద్యాలూ పలికించవలసిన సంగీతానికి, పలికించే వ్రేళ్లకు తగినట్లు దిద్దబడినవే.

కొలతలకు అందని విషయం ఒకటి మిగిలింది. అది స్పర్శ. మెడ వెనుక ప్రక్క అద్దం వలె మెరిసే పూత పూసిన గిటార్లు ఉన్నవి. మెరుపు లేని నునుపైన పూత గలవీ ఉన్నవి. దుకాణంలోని చల్లని గదిలో రెండూ ఒక్కటిగానే తోస్తాయి. వేసవిలో 45 డిగ్రీల దాకా ఎండ కాసే నిజామాబాదు జిల్లాలో, చెమట పట్టిన చేతికి మెరుపు పూత అంటుకొన్నట్లుగా ఉండి జారనివ్వదు. అమెరికా వాద్యకారుడు ఎడ్డీ వాన్ హేలెన్ తన మెడకు అసలు పూతే వద్దన్నాడు. పచ్చి కర్రే చేతికి హాయిగా ఉన్నదని ఆయన అభిప్రాయం. అదే ఎండకు మరొక పరిణామం కూడ కలుగుతుంది. పొడి గాలికి పలక కర్ర కొంచెం కుంచించుకొంటుంది. లోహపు మెట్లు కుంచించుకొనవు. అప్పుడు మెట్ల కొనలు అంచున పొడుచుకొని వచ్చి, చెయ్యి జార్చినప్పుడు రంపపు పండ్ల వలె గీరుకొంటాయి. మంచి పలకలకు వాడే కర్రలలో మన దేశపు రోజ్‌వుడ్ ఒకటి. మనవారు జిట్రేగి అంటారు. ఎంతటి చేవగల కర్రయైనా ఋతువులకు అతీతం కాదు.

ఇంతవరకు చెప్పినవానిలో మార్చలేనివి ఏవో, మార్చగలిగినవి ఏవో విడదీసి చూచుకొంటే కొనేటప్పుడు కలత ఉండదు. వెనుక వంపు, లావు, వెడల్పు, తీగ పొడవు, పలక వంపు మార్చలేనివి. తీగలు మెట్లకు మరీ ఎత్తుగా ఉండడం, మెట్ల కొనలు గీరుకొనడం, పూత అంటుకొనడం, మెడ కొంచెం వంగడం దిద్దదగినవి. మెడ వంగడాన్ని చూచి భయపడనక్కరలేదు. ఆరు తీగలూ కలిసి మెడను సుమారు 40 నుండి 45 కిలోల బలంతో లాగుతూ ఉంటాయి. ఆ బలానికి ఎదురు నిలవడానికి మెడ లోపల ఉక్కు కడ్డీ ఒకటి అమరుస్తారు. గిబ్సన్ సంస్థలో పనిచేసిన టెడ్ మెక్‌హ్యూ రూపొందించిన ఇట్టి కడ్డీకి 1923లో పేటెంటు లభించింది. దాని చివరనున్న మరను కొంచెం త్రిప్పితే మెడ వంపు సరియవుతుంది. తెలిసినవారి చేత అరగంటలో చేయించుకోదగిన పని ఇది. పలుమార్లు పిల్లల వ్రేళ్లను ఏడిపించేది మెడ ఆకారం గాక, ఈ దిద్దుబాటు జరగకపోవడమే. కనుక గిటారును అటకెక్కించే ముందు ఒకసారి సరిచేయించి చూడవలెను.

ఇక దుకాణంలో చేయవలసిన పరీక్ష. నిజామాబాదుకో, హైదరాబాదుకో వెళ్లి కొనేవారు వాయించబోయే పిల్లను గాని, పిల్లవానిని గాని తప్పక వెంట తీసుకొనిపోవలెను. మొదట యాంప్లిఫయర్ పెట్టవద్దని చెప్పండి. పెద్ద ధ్వని వినబడితే చేతి మాట వినబడదు. కూర్చుండి కొంతసేపు, భుజానికి పట్టీ తగిలించుకొని నిలబడి కొంతసేపు పట్టుకొని చూడవలెను. మొదటి మెట్టు దగ్గర చూపుడు వ్రేలితో ఆరు తీగలను అడ్డంగా నొక్కి, స్వరాలన్నీ పలుకుతున్నవేమో చూడవలెను. ఒకటి నుండి నాలుగు మెట్ల వరకు నాలుగు వ్రేళ్లను వరుసగా వేసి చూడవలెను; మణికట్టు బాగా వంచవలసి వస్తే ఆ మెడ ఆ చేతికి కాదు. పన్నెండవ మెట్టు దగ్గర సన్నని తీగను ప్రక్కకు లాగి స్వరం ఆగిపోకుండ ఉన్నదేమో వినవలెను. అరచేతిని మెడ అంచు వెంట పై నుండి క్రిందికి జార్చి మెట్ల కొనలను తడిమి చూడవలెను. ఒక్కొక్క గిటారుకు పది నిమిషాలకు తక్కువ కాకుండ కేటాయించవలెను. మొదటి నిమిషంలో హాయిగా ఉన్న మెడ పదవ నిమిషంలో బరువుగా తోచడం, మొదట వింతగా తోచినది తరువాత ఇమిడిపోవడం సామాన్యం.

దుకాణానికి వెళ్లే అవకాశం లేనివారికి వేరొక ఉపాయం ఉన్నది. పాఠం చెప్పే గురువు వద్దనో, స్నేహితుని ఇంటనో, చర్చిలోనో ఉన్న గిటారును కొన్నాళ్లు వాయించి చూచి, చేతికి నచ్చినదాని కొలతలు వ్రాసుకొనవలెను. నట్ వెడల్పును స్కేలుతో కొలవవచ్చు. మొదటి మెట్టు దగ్గర మెడ మందాన్ని కూడ కొలుచుకొనవచ్చు. నట్ నుండి పన్నెండవ మెట్టు వరకు కొలిచి రెట్టింపు చేస్తే తీగ పొడవు వస్తుంది. ఈ అంకెలను అమ్మకపు వివరాలతో పోల్చి చూస్తే, చూడకుండ కొన్నా గ్రుడ్డిగా కొన్నట్లు కాదు. గల్ఫు నుండి తెచ్చే బంధువుకు కూడ రంగు పేరుతో పాటు ఈ అంకెలు పంపడం మేలు. వస్తువును తిరిగి తీసుకొనే గడువు ఎంతో ముందే అడిగి తెలుసుకొని, ఆ గడువు లోపలనే పైన చెప్పిన పరీక్షలన్నీ ఇంట్లో చేయవలెను. ఎడమచేతి వాటం గల పిల్లలకు అందుకు తగిన గిటారును ప్రత్యేకంగా అడిగి తీసుకొనవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన భేదం ఒకటి ఉన్నది. నేర్చుకొనే మొదటి వారాలలో వ్రేలి కొనలు మంటపుట్టడం సహజం. నాగలి పట్టిన క్రొత్తలో అరచేయి బొబ్బలెక్కినట్లే అది. చర్మం గట్టిపడగానే పోతుంది. ఆ నొప్పికి వెనుదీయవద్దని పిల్లలకు ధైర్యం చెప్పవచ్చు. మణికట్టులోనో, బొటనవ్రేలి మొదటనో, ముంజేతిలోనో వచ్చే నొప్పి అట్టిది కాదు. దానిని ఓర్చుకొమ్మని చెప్పరాదు. పట్టు తీరునో, తీగల ఎత్తునో, చివరకు మెడనో మార్చవలెనని ఆ నొప్పి హెచ్చరిస్తున్నదని గ్రహించవలెను. అప్పటికీ తగ్గకపోతే వైద్యునికి చూపవలెను.

చేతికి తగినట్లు వాద్యాన్ని దిద్దుకొనడం అంటే కష్టానికి జంకడం కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో టోనీ ఐయోమీ అనే యువకుడు 1965లో లోహపు రేకుల కర్మాగారంలో పనిచేస్తూ ప్రమాదానికి లోనై, కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు పోగొట్టుకొన్నాడు. అతనిది ఎడమచేతి వాటం. మెట్ల మీద ఉండవలసినది ఆ కుడిచెయ్యే. ఇక గిటారు మానుకొమ్మన్నారు. అతడు ప్లాస్టిక్కు కరిగించి వ్రేళ్లకు తొడుగులు చేసుకొన్నాడు; వాటికి తోలు అతికించాడు; మామూలువానికంటె సన్నని తీగలు వెదకి తగిలించాడు. ఆ చేతితోనే బ్లాక్ సబ్బాత్ బృందానికి అతడు వాయించిన సంగీతాన్ని లోకం విన్నది. తెగిన వ్రేళ్లకు సైతం తగిన ఏర్పాటు దొరికినప్పుడు, నిండు వ్రేళ్లు గల మన పిల్లలకు తగిన మెడ దొరకకపోదు. కొనబోయే ముందు వారి చేతికి పది నిమిషాల వ్యవధి ఇచ్చి, అది చెప్పినది పెద్దలు వింటే చాలును.